1991 మియాటాకి పాతకాలం ఎనిమిది స్పోక్‌ల వీల్స్ పెట్టాలంటే ఏ సైజ్, ఏ ఆఫ్‌సెట్ చూడాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న ముందు ఇక్కడ ఒకసారి పెడతా, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కదా. నీ దగ్గర 1991 మాజ్డా మియాటా ఉంది, 1.6 ఇంజిన్, సస్పెన్షన్ కంపెనీదే, పవర్ స్టీరింగ్ లేదు, కింద స్టీల్ వీల్స్ ఉన్నాయి. అరవైల్లో బ్రిటిష్ ర్యాలీ కార్లకి ఉండే మినీలైట్ టైప్ ఎనిమిది స్పోక్‌ల వీల్స్ కావాలి, వీలైతే బాగా లోతుగా డీప్ డిష్ ఉండాలి. డల్లాస్‌లో ఎవరో పాత మినీ కారు వీల్స్ సెట్ చవగ్గా ఇస్తామంటున్నారు, "దానికీ నాలుగు బోల్టులే, దీనికీ నాలుగు బోల్టులే, పట్టేస్తాయి" అన్నారు. కొనొచ్చా, కొనకూడదంటే ఏం కొనాలి అని అడిగావు.

కొనొద్దు. చవగ్గా వచ్చినా వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు.

నీ కారుకి కావాల్సింది ఇది: 15×7 వీల్ (15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు), పీసీడీ (బోల్టుల మధ్యల మీదుగా పోయే వృత్తం వ్యాసం) 4×100, అంటే నాలుగు బోల్టులు, 100 మి.మీ., ఆఫ్‌సెట్ (ఇదేంటో కింద చెప్తా) +35 నుంచి +40 మధ్య, సెంటర్ బోర్ (వీల్ మధ్య రంధ్రం) 54.1 మి.మీ. లేదా అంతకన్నా పెద్దది పెట్టి రింగ్ వెయ్యి, టైర్ 195/50 ఆర్15. ఫెండర్ ముట్టుకోనక్కర్లేదు, సస్పెన్షన్ మార్చనక్కర్లేదు, స్పీడోమీటర్ కూడా దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. ఇంకా పాత లుక్ కావాలి, ఖరీదైన స్పోర్ట్స్ టైర్లు దొరక్కపోయినా పర్లేదు అనుకుంటే 14×6, అదే 4×100, +35 నుంచి +45 దాకా, 185/60 ఆర్14. నా మనసు ఈ రెండోదాని వైపే ఉంటుంది, ఎందుకో కింద చెప్తా.

నేను నా ఎన్ఏ (మొదటి తరం, నీది కూడా అదే) మియాటా చాలా ఏళ్ళుగా నడుపుతున్నా, వారాంతాల్లో ఇక్కడి మనవాళ్ళ పాత కార్లు, ఎక్కువగా మియాటాలు, అప్పుడప్పుడు డాట్సన్ జెడ్‌లు, ఎంజీలు, గ్యారేజీలో పైకెత్తి పని చేస్తుంటా. కాబట్టి కేటలాగ్ చూసి కాదు, బిగించి, తిప్పి, రుద్దుకుంటే మళ్ళీ విప్పి చూసింది చెప్తున్నా.

ముందు ఆ మినీ వీల్స్ సంగతి

పాత అసలు మినీ పీసీడీ 4×101.6. అంటే నాలుగు అంగుళాలు. నీ మియాటాది 4×100. తేడా 1.6 మిల్లీమీటర్లే, అసలు ప్రమాదం అక్కడే ఉంది. తేడా ఎక్కువుంటే వీల్ ఎక్కనే ఎక్కదు, గొడవ లేదు. ఇది ఎక్కుతుంది. స్టడ్లు రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి, నట్లు కూడా తిరుగుతాయి, టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది, మనం అయిపోయిందనుకుంటాం. కానీ ఒక్కో స్టడ్ దాని రంధ్రం మధ్యలో ఉండకుండా 0.8 మి.మీ. లోపలికి ఉంటుంది, అందుకని నట్ శంకువు ఆకారంలో ఉన్న సీట్‌లో గుండ్రంగా చుట్టూ ఆనకుండా ఒక పక్కనే ఆనుతుంది. కారు నడుస్తుంటే ఆ ఒక్క పక్క అరుగుతుంది, నట్ వదులవుతుంది, స్టడ్ ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం వంగుతూ ఉంటుంది. అలా వంగీ వంగీ ఏదో ఒక రోజు తెగుతుంది.

ఒకాయన హైవే మీద 60 మైళ్ళు దాటితే స్టీరింగ్ వణుకుతోందని నా దగ్గరికి తెచ్చాడు. అప్పటికే బ్యాలెన్సింగ్ చేయించాడు, అలైన్‌మెంట్ చేయించాడు, తగ్గలేదు. నట్లు విప్పి చూస్తే సీట్లన్నీ ఒక పక్కకి మెరుస్తున్నాయి, రెండో పక్క పెయింట్ చెక్కుచెదరలేదు. కాలిపర్‌తో కొలిస్తే 101.6. వీల్స్ మార్చాం, వణుకు పోయింది, ఆ స్టడ్లు కూడా నమ్మకం లేక అన్నీ మార్చేశాం. ఇప్పుడు మార్కెట్లో పక్కకి జరిగే నట్లు అని, చిన్న చిన్న పీసీడీ తేడాలని సర్దేవి అమ్ముతారు, అవి పెట్టి నడిపేవాళ్ళూ ఉన్నారు. నేనైతే ఎవరికీ బిగించను.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. పాత మినీ వీల్స్ 10 అంగుళాలవి, 12వి, మహా అయితే 13వి. నీ 1.6 కి ముందు డిస్క్ 235 మి.మీ., దాని మీద కాలిపర్. 10 అంగుళాల వీల్ అసలు ఆ బ్రేక్ మీదకే ఎక్కదు, ఆ పోలిక అక్కడితో ఆగిపోతుంది.

ఒక్క విషయం మాత్రం అమ్మేవాణ్ణి అడిగి తెలుసుకో. "మినీ" అంటే ఏ మినీ? అమెరికాలో 2002 నుంచి అమ్మిన బీఎండబ్ల్యూ వాళ్ళ మినీ కూపర్ మొదటి రెండు తరాలకి పీసీడీ 4×100, సెంటర్ బోర్ 56.1. అవి నీ హబ్ మీదకి ఎక్కుతాయి, మధ్యలో 2 మి.మీ. ఖాళీ రింగ్‌తో సరిపోతుంది. ఆ కారు కోసం చేసిన ఎనిమిది స్పోక్‌ల 15 అంగుళాల సెట్ అయితే అది పూర్తిగా వేరే కథ, అప్పుడు ఆఫ్‌సెట్ చూసి కొనొచ్చు. మామూలుగా 10, 12 అంగుళాలవి అని ఉంటే వదిలెయ్.

పీసీడీ టేపుతో కొలవొద్దు. నాలుగు స్టడ్ల వీల్‌కి ఎదురెదురు స్టడ్లు తీసుకో, ఒకదాని బయటి అంచు నుంచి రెండోదాని లోపలి అంచు దాకా వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే అదే మధ్య నుంచి మధ్యకి దూరం. 100 కీ 101.6 కీ తేడా టేపు మీద కంటికి ఆనదు.

ఆఫ్‌సెట్, డీప్ డిష్

నువ్వు డీప్ డిష్ అన్నావు చూడు, ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే.

వీల్ వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకో. హబ్‌కి ఆనే ముఖం ఆ గీత నుంచి కారు బయటి వైపుకి ఎన్ని మిల్లీమీటర్లు జరిగి ఉందో అదే ప్లస్ ఆఫ్‌సెట్. ప్లస్ ఎక్కువైతే వీల్ లోపలికి పోతుంది, ముఖం చదునుగా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ తగ్గేకొద్దీ వీల్ బయటికొస్తుంది, స్పోక్‌లు లోపలికి కూర్చుంటాయి, ఆ లోతే డిష్. పాత రియర్ వీల్ డ్రైవ్ కార్లు చాలావాటికి ఆఫ్‌సెట్ సున్నాకి దగ్గర్లో ఉండేది, అందుకే వాటి వీల్స్ ఫోటోల్లో అంత లోతుగా కనిపిస్తాయి. మియాటా 1989లో వచ్చిన కారు. కంపెనీ వీల్ 14×5.5, ఆఫ్‌సెట్ +45. చూడ్డానికి లోటస్ ఎలాన్ లాంటి అరవైల నాటి చిన్న రోడ్‌స్టర్‌లాగా చేశారు కానీ హబ్, సస్పెన్షన్ లెక్క మాత్రం ఎనభైలది. ఈ సంగతి మర్చిపోయి ఫోటో చూసి వీల్ కొంటే దెబ్బ తింటాం.

లెక్క వేసి చూపిస్తా, నువ్వు కూడా కాగితం మీద వెయ్. కంపెనీ 14×5.5 లో సగం వెడల్పు సుమారు 70 మి.మీ. దాంట్లోంచి 45 తీసేస్తే హబ్ ముఖం నుంచి బయటికి 25, కలిపితే లోపలికి 115.

15×7 కి సగం 89. ఆఫ్‌సెట్ +38 అయితే బయటికి 51, లోపలికి 127. అంటే పాత వీల్ కన్నా 26 మి.మీ. బయటికి, 12 మి.మీ. లోపలికి. మియాటా ఫెండర్ కింద కంపెనీ వీల్ చాలా లోపలికి ఉంటుంది కాబట్టి ఈ 26 హాయిగా పడుతుంది, లోపలి 12 కూడా సస్పెన్షన్‌కి తగలదు.

అదే 15×7, +25 అయితే బయటికి 64, అంటే పాతదాని కన్నా 39 ఎక్కువ. ఫెండర్ అంచుకి సమంగా వచ్చేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, నిజం. మామూలు ఎత్తులో 195 టైర్‌తో నడుస్తుంది కూడా, కాకపోతే కారు దించితే లేదా 205 టైర్ వేస్తే ఫెండర్ లోపలి పెదవి మడిచే పని పడొచ్చు.

ఇప్పుడు నువ్వు అడిగిన డీప్ డిష్, 15×7 సున్నా ఆఫ్‌సెట్. బయటికి 89. పాతదాని కన్నా 64 మి.మీ. ఎక్కువ, రెండున్నర అంగుళాలు! ఫెండర్ కోసి ఫ్లేర్లు అతికించకుండా ఇది రోడ్డు మీద నడవదు. మాకు తెలిసిన ఒకబ్బాయి సరిగ్గా ఇవే ఆర్డర్ చేశాడు, అమ్మినవాళ్ళు ఫిట్ అవుతాయని రాసిచ్చారంట. స్టడ్లకి పట్టాయి, అంతవరకే నిజం. మొదటి స్పీడ్ బంప్ దగ్గరే వెనక ఫెండర్ అంచు టైర్ భుజాన్ని కోసింది.

ఫెండర్ ఒక్కటే కాదు, స్టీరింగ్ కూడా పాడవుతుంది. టైర్ మధ్య గీత బయటికి జరిగేకొద్దీ స్టీరింగ్ తిరిగే ఇరుసు నుంచి టైర్ దూరమవుతుంది. +45 నుంచి +38 కి వస్తే జరిగేది 7 మి.మీ., చేతికి దాదాపు తెలియదు. సున్నాకి వస్తే 45 మి.మీ. నీకు పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి, గతుకుల్లో స్టీరింగ్ గుంజుతుంది, బేరింగ్ మీద బరువు పెరుగుతుంది. మియాటాలో అన్నిటికన్నా గొప్ప విషయం దాని స్టీరింగే, నాలుగు పక్కలా డబుల్ విష్‌బోన్ పెట్టి అంత శ్రద్ధగా ట్యూన్ చేశారు, కేవలం ఫోటో కోసం దాన్ని పోగొట్టుకుంటే నాకు నిజంగా బాధనిపిస్తుంది.

అడాప్టర్ (హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టి పీసీడీ మార్చే బిళ్ళ) పెట్టి డాట్సన్ లేదా ఏఈ86 కొరోలా వీల్స్ వెయ్యొచ్చు కదా అని తర్వాత అడుగుతావు, అందరూ అడుగుతారు, అవి 4×114.3 లో పాత స్టైల్‌వి బోలెడు దొరుకుతాయి కాబట్టి. అడాప్టర్ మందం 25 మి.మీ. అనుకో. వీల్ ఆఫ్‌సెట్ సున్నా అనుకో. కలిపితే -25. పైన సున్నాకే చూశాం కదా ఏమైందో.

పాత లుక్ వచ్చేది ఎక్కణ్ణించి

ఇది నా అభిప్రాయం, కానీ చాలా కార్ల మీద చూసి ఏర్పడిన అభిప్రాయం. పాతకాలం లుక్ వచ్చేది స్పోక్‌ల వల్ల సగమే, మిగతా సగం టైర్ గోడ వల్ల. అరవై డెబ్బైల్లో ఎంజీబీ లాంటి కారుకి 14 అంగుళాల వీల్, 165 టైర్. ఆ రోజుల టైర్‌ని 80 సిరీస్ లెక్కన, అంటే గోడ ఎత్తు టైర్ వెడల్పులో 80 శాతం అని, చూస్తే గోడ 132 మి.మీ. వస్తుంది. చిన్న వీల్, చుట్టూ లావు రబ్బరు. నీ 185/60 ఆర్14 కి గోడ 111 మి.మీ. 195/50 ఆర్15 కి 97 మి.మీ. పైచిలుకు. 205/45 ఆర్16 కి 92. ఎనిమిది స్పోక్‌ల డిజైన్‌నే 17 అంగుళాల్లో తీసుకుని సన్నటి టైర్ చుడితే కొత్త కారుకి పాత బొమ్మ అతికించినట్టు ఉంటుంది, స్పోక్‌లు సాగిపోయి మధ్యలో ఖాళీ ఎక్కువైపోతుంది. మియాటా చిన్న కారు, వెయ్యి కిలోల లోపు, దానికి 14 గానీ 15 గానీ నిండుగా ఉంటాయి, 16 దాటితే నేను వద్దనే అంటా.

అందుకే 14×6 అంటే నాకు అంత ఇష్టం. పక్కనుంచి చూస్తే నిష్పత్తి కుదిరిపోతుంది, బరువు తక్కువ, గతుకులు మింగేస్తుంది, 116 హార్స్‌పవర్ కారుకి తేలిక చక్రం అంటే ఏంటో కాలు పెట్టగానే తెలుస్తుంది. మరి 15 ఎందుకు ముందు చెప్పానంటే టైర్ల కోసం. 14 లో ఇప్పుడు దొరికేవి ఎక్కువగా మామూలు ఆల్ సీజన్ టైర్లే, గ్రిప్ ఉన్న మంచి సమ్మర్ టైర్లు కావాలంటే 195/50 ఆర్15, 205/50 ఆర్15 లోనే ఎంపిక ఉంది. నువ్వు ఆటోక్రాస్‌కి (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య టైమ్ పెట్టి నడిపే పోటీకి) వెళ్ళాలనుంది అని కూడా అన్నావు కాబట్టి 15. ఆదివారం పొద్దున్నే టాప్ తీసి తిరగడానికే అయితే 14 తీసుకుని సంతోషంగా ఉండు.

టైర్ ఎత్తు లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తా: 185/60 ఆర్14 మొత్తం వ్యాసం 578 మి.మీ., 195/50 ఆర్15 ది 576. దాదాపు ఒకటే. 205/50 ఆర్15 ది 586, ఒకటిన్నర శాతం ఎక్కువ, పర్లేదు. 195/55 ఆర్15 చవగ్గా దొరుకుతుంది కానీ 595 దాకా వెళ్తుంది, మూడు శాతం, గేరింగ్ బరువెక్కినట్టు ఉంటుంది, ఫెండర్‌కీ దగ్గరవుతుంది.

ఏ వీల్స్ చూడాలి

అసలు మినీలైట్ అరవైల్లో ఇంగ్లాండ్‌లో మెగ్నీషియంతో మొదలైంది, మినీ ర్యాలీ కార్లతో పేరొచ్చింది. ఆ ఎనిమిది స్పోక్‌ల రూపాన్ని జపాన్‌లో పానాస్పోర్ట్, ఆర్ఎస్ వాటనాబే తమ పద్ధతిలో చేశాయి. పానాస్పోర్ట్ మియాటా మీద ఎంత అందంగా ఉంటుందంటే చాలామంది అదే అసలు వీల్ అనుకుంటారు, పెదవి పాలిష్, మధ్య బూడిదరంగు. వాటనాబే కొంచెం కండపుష్టిగా, స్పోక్ లోపలికి వంగి ఉంటుంది. దాన్ని పాత జపాన్ కార్ల ఆర్డర్లకి తగ్గట్టు తక్కువ ఆఫ్‌సెట్‌లలో ఎక్కువ అమ్ముతారు కాబట్టి నంబర్ చూడకుండా తీసుకోవద్దు. ఈ రెండూ ఖరీదే, ఆర్డర్ ఇచ్చి నెలల తరబడి ఆగాల్సి కూడా రావచ్చు.

బడ్జెట్‌లో అయితే కోనిగ్ రివైండ్, రోటా ఆర్‌బీ ఈ రెండూ అదే కుటుంబం రూపం. ఎనిమిది స్పోక్‌లే అని పట్టు లేకపోతే ఎన్‌కై 92 కూడా చూడు, అది జాలీ డిజైన్, ఎనభైల రేసింగ్ లుక్, బంగారు రంగులో ఎర్ర మియాటాకి భలే నప్పుతుంది. ఏదైనా సరే ఒకే మోడల్ రకరకాల ఆఫ్‌సెట్‌లలో వస్తుంది, పేరు చూసి కాదు, పెట్టె మీద, వీల్ వెనక స్పోక్ మీద పోతపోసిన నంబర్ చూసి కొను. అక్కడే జేడబ్ల్యూఎల్ అనే గుర్తు కూడా వెతుకు, అది జపాన్ ప్రభుత్వ ప్రమాణం, పక్కన వీఐఏ అని ఉంటే బయటి సంస్థ దగ్గర పరీక్ష నమోదైందని. ఏ గుర్తూ లేని, ఏ లోడ్ రేటింగూ లేని వీల్ ఎంత అందంగా ఉన్నా నేను ముట్టుకోను.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ తరం మియాటాకి మాజ్డా ఇచ్చిన సొంత అలాయ్, మనవాళ్ళు డైసీ అంటారు, ఏడు స్పోక్‌లది, 14×5.5. మినీలైట్‌ని గుర్తు చేసే రూపమే అది. బరువు సుమారు 12 పౌండ్లే, ఈ రోజు బజార్లో దొరికే చాలా కొత్త వీల్స్ కన్నా తేలిక. నీవి స్టీల్ వీల్స్ కదా, ఎవరో ఒకరు కొత్త వీల్స్ వేసుకుని డైసీలు గ్యారేజీ ఖాళీ చెయ్యడానికి అమ్మేస్తూనే ఉంటారు. అవి తీసుకొచ్చి, శుభ్రంగా గోకి, ముదురు బూడిదరంగు వేసి, 185/60 టైర్ చుట్టిస్తే పీసీడీ బాధ లేదు, ఆఫ్‌సెట్ బాధ లేదు, నట్ల బాధ లేదు, అన్నీ కంపెనీవే. నేను పని చేసిన కార్లలో నాకు బాగా నచ్చిన ఒకటి ఇలాంటిదే, ఆకుపచ్చ కారు, ముదురు బూడిద డైసీలు. ఒక సీజన్ వాటితో నడిపి చూడు, అప్పటికీ ఎనిమిది స్పోక్‌లే కావాలనిపిస్తే అప్పుడు కొను.

రంగు గురించి ఎలాగూ అడుగుతావు. వెండి, బూడిద, బంగారు ఈ మూడూ ఆ కాలానివే. బంగారు రంగు ఏదో ఫ్యాషన్ కాదు, మెగ్నీషియం తుప్పు పట్టకుండా క్రోమేట్ ద్రావణంలో ముంచితే వచ్చే రంగు అలా గోధుమ బంగారంలా ఉండేది, రేస్ కార్లలో అది చూసి చూసి మనకి అదే అందం అయిపోయింది.

పాతవి కొంటుంటే

నిజమైన పాత మెగ్నీషియం వీల్స్ ఎక్కడైనా కనిపిస్తే గోడకి తగిలించుకో, కారుకి వద్దు. లోపల్లోపల తినేసి ఉంటుంది, పగుళ్ళు కంటికి కనిపించవు, డై పెనెట్రంట్ పరీక్ష (రంగు పూసి పగుళ్ళు బయటపెట్టేది) చేయించి పాసైతే తప్ప రోడ్డు మీదకి తేకూడదు.

అల్యూమినియం వాడినవైతే వీల్‌ని తిరగేసి లోపలి వైపు చూడు. ముందు వైపు అందరూ పాలిష్ చేసి ఫోటో పెడతారు, నిజం వెనకే ఉంటుంది. స్పోక్ రిమ్‌కి కలిసే చోట, నట్ రంధ్రాల చుట్టూ వెంట్రుకలాంటి గీతలున్నాయా చూడు. లోపలి అంచు వంగిందా చూడు. టైర్ షాపులో బ్యాలెన్సర్ మీద పెట్టి తిప్పించుకో, అంచు ఊగుతుంటే తెలిసిపోతుంది. టైర్లతో సహా ఇస్తుంటే గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2317 అంటే 2017లో 23వ వారం. ట్రెడ్ ఎంత ఉన్నా ఆ టైర్లకి విలువ కట్టకు, వీల్స్‌కే బేరం ఆడు.

పౌడర్ కోటింగ్ చేసిన సెట్ అయితే నట్ కూర్చునే సీట్ మీద, హబ్‌కి ఆనే ముఖం మీద కోటింగ్ ఉందా చూడు. ఉండకూడదు. ఆ మందమైన పొర నట్ కింద నలిగిపోయి బిగింపు తగ్గిపోతుంది. ఉంటే గోకించేసి అప్పుడు బిగించు. నువ్వే కోటింగ్ చేయిస్తే ఆ చోట్లు మూసి చెయ్యమని ముందే చెప్పు, ఓవెన్ వేడి ఎంత పెడతారో కూడా అడుగు, ఎందుకంటే అలాయ్‌కి బలం వచ్చేది హీట్ ట్రీట్‌మెంట్ వల్ల, మరీ ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే ఆ బలం తగ్గుతుంది.

నట్లు, రింగులు

మియాటా స్టడ్ 12 మి.మీ., పిచ్ 1.5. కంపెనీ నట్లు 60 డిగ్రీల శంకువు, 21 మి.మీ. తల. కొత్త వీల్స్‌కి నట్ రంధ్రం ఇరుకుగా ఉంటుంది, ఆ 21 తలకి సాకెట్ పట్టదు, సన్నటి నట్లు విడిగా కొనాలి. పాత స్టైల్ వీల్స్ కొన్నిటికి శంకువు సీట్ కాకుండా వాషర్‌తో తిన్నగా దిగే షాంక్ నట్లు ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి పెడితే బిగింపు ఉత్తిదే. వీల్ కొనేటప్పుడే ఏ నట్ అని అడిగి అదే తీసుకో. డాట్సన్ జెడ్ వాళ్ళు ఇది చదువుతుంటే, మీది 12 మి.మీ.కే కానీ పిచ్ 1.25, మియాటా నట్లు మీకు పనికిరావు, బలవంతంగా తిప్పితే మర పోతుంది.

నట్ చేత్తో తిప్పితే కనీసం ఎనిమిది చుట్లు పూర్తిగా ఎక్కాలి. 1.5 పిచ్‌కి ఎనిమిది చుట్లంటే 12 మి.మీ., స్టడ్ లావు అంత. అంతకన్నా తక్కువ ఎక్కితే వీల్ మందం ఎక్కువైనట్టు, పొడుగు స్టడ్లు వేయాలి.

సెంటర్ రింగులు చవకైనవే, వీల్ రంధ్రం సైజ్ నుంచి 54.1 కి. ప్లాస్టిక్‌వి మామూలు రోడ్డుకి చాలు, ట్రాక్‌కి వెళ్తే బ్రేక్ వేడికి మెత్తబడతాయి, అల్యూమినియంవి తీసుకో. బరువు మోసేది రింగ్ కాదు, బిగింపు. రింగ్ పని వీల్‌ని బిగించేటప్పుడు మధ్యలో నిలబెట్టడం, అది లేకపోతే సన్నటి వణుకు వస్తుంది, దాని కారణం తెలియక జనం బ్యాలెన్సింగ్‌కి డబ్బులు తగలేస్తుంటారు.

టైర్ చుట్టించే ముందు ఇది చెయ్

వీల్స్ రాగానే ఆత్రంగా టైర్లు చుట్టించేస్తారు, ఒకసారి టైర్ ఎక్కితే ఎవరూ వాపసు తీసుకోరు. ముందు ఒట్టి వీల్‌ని ముందు హబ్‌కి పెట్టి రెండు నట్లు చేత్తో బిగించి తిప్పు, కాలిపర్‌కి స్పోక్ వెనక భాగం ఎక్కడా తగలకూడదు. మధ్యలో మూత నొక్కి చూడు, ముందు హబ్ గ్రీజ్ మూత పొడుచుకొచ్చి కొన్ని వీల్స్ మూతని కూర్చోనివ్వదు. నీ బ్రేక్‌లు కంపెనీవే అయితే 14 అయినా 15 అయినా సరిపోతాయి, 1994 నుంచి వచ్చిన 1.8 వాళ్ళ 255 మి.మీ. డిస్క్ మీద కూడా 14 పడుతుంది. ముందు ఓనర్ ఎవరైనా తర్వాతి తరం స్పోర్ట్ బ్రేక్‌లు, 270 మి.మీ.వి, వేసి ఉంటే 14 ఆశ వదులుకోవాలి, అందుకని కొనకముందే డిస్క్ కొలువు.

తర్వాత ఒక్క టైర్ చుట్టించి ముందు పెట్టి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు, లైనర్‌కి తగులుతోందా చూడు. అదే వీల్ వెనక పెట్టి, కారుని స్టాండ్ల మీద ఉంచి, జాక్ కింది ఆర్మ్ చివర పెట్టి మెల్లగా పైకి లేపు, ఫెండర్ అంచుకీ టైర్ భుజానికీ మధ్య వేలు పట్టేంత ఉండాలి. కారు స్టాండ్ మీంచి లేచిపోయేదాకా ఎత్తొద్దు, జాగ్రత్త. అన్నీ బాగుంటే అప్పుడు మిగతా మూడూ చుట్టించు. బ్యాలెన్సింగ్ బరువులు లోపలి వైపు అతికించేవి వెయ్యమని చెప్పు, బయటి పెదవికి కొట్టే క్లిప్ బరువులు పాలిష్‌ని పాడు చేస్తాయి.

టార్క్ మాజ్డా చెప్పింది 65 నుంచి 87 పౌండ్ ఫీట్, నేను 80 కి పెడతా, ఎదురెదురుగా, రెండు విడతల్లో, గాలి గన్‌తో కాదు, రెంచ్‌తో. 50 మైళ్ళు నడిపాక వీల్ చల్లారనిచ్చి మళ్ళీ చూడు. కొత్త అలాయ్‌కి మొదటిసారి కొంచెం సర్దుకోవడం మామూలే, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఆ డల్లాస్ అమ్మేవాణ్ణి వీల్ సైజ్ అడిగి, 15 అంగుళాలవే అంటే వెనక నంబర్లు, నట్ సీట్లు కనిపించేలా ఫోటోలు తీసి పంపమను. కామెంట్లో పెట్టు, డబ్బులు ఇవ్వకముందే చూసి చెప్తా. నీ ముందు డిస్క్ కొలత కూడా దాంతోపాటే రాయి.